అరచేత్తో సరిచేసిన గిటార్

2017లో నా గిటార్ క్లాసు చౌటుప్పల్‌లో ఒక ఎరువుల దుకాణం పై అంతస్తులో ఉండేది. కింద యూరియా వాసన, ముందు హైవే మీద లారీల మోత, మధ్యలో నా పదకొండు మంది విద్యార్థులు. మాది కొల్లాపూర్. మా ఆయనకు ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరకడంతో వచ్చి స్థిరపడ్డాం. గది కిరాయికి అడగడానికి వెళ్తే దుకాణం ఓనరు నన్ను కిందికీ పైకీ చూసి, ఆడమనిషి గిటార్ నేర్పుతదా అన్నాడు. నేర్చుకునేటోళ్లకు లేని బాధ నీకేంది అన్నాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే భిక్షపతి అన్న విషయంలో జరిగిన పొరపాటులో సగం ఆ కోపానిదే.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంటర్ పిల్లలు. అందుకని యాభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, తెల్ల పంచె, చంకలో గుడ్డ సంచి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి తొంగిచూస్తే, ఎవరో పిల్లవాడి తండ్రి అనుకుని మీ పిలగాడు ఎవరని అడిగాను.

"నేనే మేడం. నేర్చుకునేది నేనే" అన్నాడు.

చౌటుప్పల్‌కి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోని ఊరు ఆయనది. చేనేత. పదమూడో ఏట గుంట మగ్గంలో కాళ్లు పెట్టాడు, ఇంకా తీయలేదు. గుంట మగ్గం అంటే నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు వేలాడేసుకుని కూర్చుని నేసే మగ్గం. కాళ్లు కింద పలకలు తొక్కుతుంటే చేతులు పైన అడ్డదారం మోసే నాడెను అటూ ఇటూ విసురుతుంటాయి. నేసిన చీరలు అప్పజెప్పడానికి ప్రతి గురువారం చౌటుప్పల్ వస్తాడు కాబట్టి క్లాసు కూడా గురువారమే కావాలన్నాడు.

ఇంత వయసులో గిటార్ ఎందుకన్నా అంటే, ముందు నసిగాడు. తర్వాత చెప్పాడు. రెండేళ్ల కింద ఆయన బామ్మర్ది లింగస్వామి కొత్త ఇంట్లో దావత్ ఇచ్చాడట. అందరూ మైకులో ఏదో ఒకటి మాట్లాడుతుంటే ఈయనా మైకు పట్టుకుని పాట ఎత్తుకున్నాడు. రెండో లైన్ దాటకముందే లింగస్వామి వచ్చి, బావా, జనాన్ని జర బువ్వ తిననియ్యి అని మైకు గుంజుకున్నాడు. షామియానా కింద ఉన్న వాళ్లంతా నవ్వారు. ఆయన భార్య అండాలు కూడా నవ్వింది. ఆ మాట చెప్పేటప్పుడు తనూ నవ్వుతున్నట్టే మొహం పెట్టాడు కానీ, గుడ్డ సంచి పట్టీని వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నాడు.

"వచ్చే ఫిబ్రవరికి మా పెండ్లై ఇరవై అయిదేండ్లు మేడం. ఫంక్షన్ హాల్ మాట్లాడిన. ఆ రోజు నేను ఒక్క పాట పూరాగ పాడాలె. నడుమ ఎవ్వరు మైకు గుంజుకోవద్దు. గంతే."

పాటకు గిటార్ ఎందుకని మళ్లీ అడిగాను. చేతుల్లో గిటార్ ఉంటే మైకు స్టాండుకు ఉంటుంది కదా, స్టాండుకున్న మైకును గుంజుకోవడం జర కష్టం అన్నాడు. ఇన్నేళ్లలో గిటార్ నేర్చుకోవడానికి ఇంత తెలివైన కారణం నాకెవరూ చెప్పలేదు.

పాట కూడా ఆయనే రాసుకొచ్చాడు. భార్య మీద నాలుగు చరణాలు. "కండె చుట్టే చేతికి కడియాలు ఏలనే, నాడె వోయి వచ్చినట్టు నా సూపు నీ దిక్కునే" అని మొదలవుతుంది. కండె అంటే నాడెలో పెట్టే దారపు కడ్డీ, దాన్ని చుట్టేది అండాలు. నేను బాణీ కట్టాను. జి, సి, డి అనే మూడు కార్డ్‌లతోనే కట్టాను. కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిసి ఒకేసారి పలకడం. ఈ మూడూ వస్తే దావత్‌లో పాడే పాటలు సగం వాయించేయొచ్చు.

హైదరాబాద్ పోయి గిటార్ కొనుక్కొచ్చాడు. మొదటి రోజు నేనే దానికి ట్యూనింగ్ చేసిచ్చాను. ఆరు తీగలకూ ఆరు పెగ్గులుంటాయి, తీగను బిగించడానికీ వదులు చేయడానికీ. ఏ తీగ ఏ స్వరం పలకాలో దానికి ఒక లెక్క ఉంది. దాని ప్రకారం కుదర్చడమే ట్యూనింగ్. ఆ గిటార్ మళ్లీ క్లాసుకు రాలేదు. బండి మీద చీరల మూట ఉంటుంది, గిటార్‌కి జాగా లేదు. ఇంట్లో తనదాని మీద సాధన చేసి, క్లాసులో నాదాని మీద వాయించేవాడు.

చేతులు బంగారం. మా ఇంటర్ పిల్లలకు రెండు నెలలు పట్టే జి కార్డ్ ఆయనకు మూడో వారానికి వచ్చేసింది. దారం తెగితే కళ్లు మూసుకుని అతికే వేళ్లు కదా. చిక్కంతా గొంతు దగ్గరే వచ్చింది. గిటార్ వాయిస్తూ పాడమంటే పాట పక్కదారి పట్టేది. నేను నా గిటార్‌తో జి పలికిస్తే ఆయన గొంతు దానికి కిందగా జారి కూర్చునేది. సి దగ్గర కొంచెం పైకి లేచినా ఇంకా కిందే ఉండేది. డి కార్డ్ రాగానే చక్కగా శ్రుతిలో నిలబడేది. మళ్లీ జి రాగానే జర్రున కిందికి. ప్రతి గురువారం అంతే, అదే చోట, అంతే లోతుకు.

ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే నాకే సిగ్గేస్తోంది. శ్రుతి తెలియని మనిషి తప్పు రోజుకొక చోట పడుతుంది. ఇవాళ పైకి, రేపు కిందికి. ఒకే చోట, ఒకే కొలతతో తప్పడానికి ఎంత మంచి చెవి ఉండాలో నాకు తట్టలేదు. తట్టకపోగా కోపం వచ్చింది. గిటార్ ఏం చెప్తుందో విను అన్నా అని అరిచేదాన్ని. వింటున్న మేడం అనేవాడు. వినేవాడైతే ఇట్లా పాడతాడా అని మనసులో తిట్టుకునేదాన్ని.

నాకు అనుమానం రావాల్సిన సంగతులు ఇంకో రెండు కూడా ఉన్నాయి. ఒకటి, రెండు వారాలకోసారి మొదటి తీగ, అంటే అన్నిటికంటే సన్నటిది, కొత్తది కావాలని అడిగేవాడు. అంత గట్టిగా వాయించొద్దు అన్నా అని నేను సలహాలిచ్చేదాన్ని. రెండోది, నా గిటార్ ఒళ్లోకి తీసుకోగానే తీగల మీద అరచెయ్యి పరిచి అటూ ఇటూ నిమిరి, నాలుకతో చప్పరింత కొట్టేవాడు.

"మేడం, మీది మస్తు లూజున్నది. గీ సన్నదైతే చేతికే తాకుతలేదు."

"చెయ్యి తియ్యి అన్నా" అనేదాన్ని. అంతకుమించి ఆలోచిస్తే కదా.

నాలుగో నెలలో ఒక గురువారం నాకు ఓపిక పోయింది. కింద ఎరువుల లారీ దింపుతున్నారు, గదిలో ఎండ, పైగా ఈయన జి దగ్గర మళ్లీ కిందికి జారాడు. అన్నా, కొందరి గొంతులకు శ్రుతి అందదు, నువ్వు గిటార్ వాయించు, పాట నా స్టూడెంట్ ఎవరితోనన్నా పాడిద్దాం అన్నాను. మెల్లగానే అన్నాను కానీ అన్నాను. ఆయన సరే మేడం అని గిటార్‌ని గోడకు ఆనించి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తర్వాతి గురువారం రాలేదు. ఆ పై గురువారం కూడా రాలేదు.

మూడో గురువారం అండాలు వచ్చింది. నేనామెను చూడటం అదే మొదటిసారి. పొట్టి మనిషి, మాట మాత్రం సూటిగా ఉంది. గిటార్‌లు, బెంచీలు, గోడమీది పటాలు అన్నీ ఒకసారి చూసి, మెట్లెక్కిన ఆయాసం తీరకముందే అడిగింది.

"మా ఆయనకు ఏమన్నరు మేడం?"

ఏమన్నానో చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను, నేనూ సిద్ధపడ్డాను. ఆమె బెంచీ మీద కూలబడింది.

"ఇరవై దినాలాయె, మగ్గం మీద నోరు తెరుస్తలేడు. ఇరవై అయిదేండ్ల సంది పొద్దున లేస్తే ఆయన పాటనే నా చెవులకు. ఇప్పుడు టక్ టక్ తప్ప సప్పుడు లేదు. నాకు కండె చుట్టబుద్ధి అయితలేదు. ఆ దావత్‌ల నేను నవ్విన, నిజమే. అందరు నవ్విన్రని నవ్విన. ఇంటికొచ్చి పాడితే ఎన్నడన్న నవ్విన్నా?"

ఇంట్లో మంచిగనే పాడతాడని, గిటార్‌తో కలిపి ఇంకా మంచిగా పాడతాడని చెప్పింది. భార్య అన్నాక ఆ మాట అనక ఏమంటుందిలే అనుకున్నాను. అయినా ఒక మనిషి పాట నా నోటి దురుసు వల్ల ఆగిపోయిందంటే ఊరుకోలేకపోయాను. ఆదివారం వస్తానని మాటిచ్చాను.

ఆదివారం పొద్దున్నే మా ఆయన స్కూటర్ మీద దింపి వెళ్లాడు. ఇంటి ముందు గదంతా మగ్గమే. భిక్షపతి అన్న నన్ను చూసి గుంటలోంచి లేవబోయి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు. చాయ్ అయ్యాక, ఒకసారి నీ గిటార్ మీద వాయించి పాడన్నా అన్నాను. వద్దులే మేడం అన్నాడు. పాడరాదూ, మేడం అంత దూరం నుంచి వచ్చింది అని అండాలు కసిరింది.

గోడ మేకుకు పట్టుగుడ్డ కప్పి వేలాడదీసిన గిటార్‌ని దించాడు. పసిపిల్లను ఎత్తుకున్నట్టే ఎత్తుకున్నాడు. నేను నోరు తెరిచే లోపలే తీగల మీద అరచెయ్యి పరిచి అటూ ఇటూ నిమిరాడు. ఒక సన్నతీగను కొంచెం బిగించాడు, లావు తీగను కొంచెం వదిలాడు, మళ్లీ నిమిరాడు, తృప్తిగా తలూపాడు. అప్పుడు జి కార్డ్ వాయించాడు.

ఆ చప్పుడు నేనెట్లా చెప్పను. రేకుల డబ్బాలో చెంచాలు వేసి ఊపినట్టుంది. లావు తీగలన్నీ ఉండాల్సినదానికంటే కిందికి దిగిపోయాయి, సన్నవి తెగడానికి సిద్ధంగా పైకెక్కి ఉన్నాయి, నడుమ నాలుగో తీగ ఒక్కటే ఉండాల్సిన చోట ఉంది. క్లాసుకు రాని ఈ మూడు వారాల్లో మొదటి తీగ తలదగ్గర తెగినట్టుంది, పారెయ్యకుండా నేతవాళ్ల ముడి వేసి అతికి పెట్టాడు. నా పళ్లు పులిశాయి. ఆ మోత మధ్యలోంచి ఆయన పాట ఎత్తుకున్నాడు.

ఎత్తుకున్నాడు కదా, లావు తీగ ఎంత కిందికి దిగి ఉందో గొంతు సరిగ్గా అంతే కిందికి దిగి దాని మీద కూర్చుంది. సి దగ్గర దానికి ఆధారమైన అయిదో తీగ ఎంత తప్పి ఉందో అంతే తప్పి పలికింది. డి కార్డ్‌కి ఆధారం ఆ నాలుగో తీగే కాబట్టి అక్కడ చక్కగా నిలబడింది. నాలుగు చరణాలు, ఒక్కచోట కూడా తన గిటార్‌ని వదిలిపెట్టలేదు. నాలుగు నెలలుగా గిటార్ చెప్పేది విను విను అని నేను అరిచాను. ఆయన అక్షరాలా అదే చేశాడు. నాకు ముందు నవ్వు ఆగలేదు, ఆ వెనకే తల కొట్టేసినట్టయింది.

తీగలెవరు బిగిస్తున్నారని అడిగాను.

"నేనే మేడం. రోజు పొద్దుగాల పడుగు సరిచూసుకుంట, ఎన్కనే దీన్ని సరిచూస్త. మీరిచ్చిన నాడు చూస్తే ఒక్కోటి ఒక్కో తీరున్నది. పడుగుల ఒక్క పోగు లూజున్నా బట్ట ఖరాబైతది గద. అన్ని ఒక్క తీరు చేసిన."

పడుగు అంటే మగ్గం మీద పొడవునా సాగదీసిన దారాలు. వేల పోగులు, అన్నీ ఒకే బిగువులో ఉండాలి. అరచేత్తో నిమిరి అందులో ఒక్క పోగు తేడా ఉన్నా పట్టుకోగల మనిషి, తన గిటార్‌ని రోజూ ఒక్క పిసరు తేడా లేకుండా అదే తప్పులోకి తెచ్చి పెడుతున్నాడు. గిటార్ తీగలకు ఒకే బిగువు అక్కర్లేదు, ఒక్కోదానికి ఒక్కో స్వరం కావాలి అని చెప్పాను. ఆయన చాలాసేపు నమ్మలేదు. ఒక్క తీరుగుంటే తప్పా మేడం అని రెండుసార్లు అడిగాడు. ముప్ఫై అయిదేళ్ల చెయ్యిని కాదనమంటే ఎవరికైనా కష్టమే.

తప్పు నాది, నీ చెవి నా చెవికంటే మంచిది అన్నా అని ఇద్దరి ముందూ ఒప్పుకున్నాను. అండాలు గెలిచినట్టు చూసి, నా గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోసింది.

ఫంక్షన్‌కి అయిదు వారాలే ఉంది. గిటార్‌ని నేను జప్తు చేసి క్లాసుకు తెచ్చుకున్నాను, ఆ అరచేతికి అందకుండా. రోజూ మధ్యాహ్నం వచ్చి గంటసేపు నేర్చుకునేట్టు ఒప్పందం. ఇంట్లో ఏ పాటైనా పాడుకో, ఈ ఒక్క పాట మాత్రం వద్దన్నాను, పాత బాణీ మళ్లీ పట్టుకుంటుందని. ట్యూనర్ ఇచ్చాను. గిటార్ తలకు క్లిప్పులా పెడితే స్వరం సరిపోగానే పచ్చలైటు వెలుగుతుంది. గీ డబ్బ చెప్తే నేను వినాల్నా అని దాన్ని పక్కన పెట్టేశాడు. అందుకని ఇంకో దారి పట్టాం. ముందు ఆ తీగ స్వరం గొంతుతో పలకాలి, ఆ తర్వాత తీగ గొంతు దగ్గరికి వచ్చేదాకా పెగ్గు తిప్పాలి. మూడో రోజుకు ఆరు తీగలూ కుదిర్చాడు. నేను దొంగచాటుగా ట్యూనర్ పెట్టి చూస్తే ఆరింటికీ పచ్చలైటే.

పాడుతూ వాయించడం కూడా మొదటి నుంచి మొదలుపెట్టాం. మాటలు లేకుండా ఒక్క కార్డ్ మీద గొంతు నిలపడం, తర్వాత మాటలు. ఇదివరకు ఆయన కూర్చుని పాడేటప్పుడు కాళ్లు ఒకటి మార్చి ఒకటి తొక్కుతుంటే కదలకు అని కసిరేదాన్ని. ఇప్పుడు వదిలేశాను. కాళ్లు తొక్కుతుంటేనే ఆయనకు తాళం, కాళ్లు ఆపితే పాట కూడా కుంటుతుంది.

ఫంక్షన్ రోజు హైవే పక్క హాల్లో మూడొంతులు పద్మశాలి చుట్టాలే. పన్నెండు గంటలకు పాట. ఆయన స్వయంగా ట్యూనింగ్ చేసి, గిటార్‌ని స్టేజీ మీద కుర్చీలో పెట్టి, దండలు మార్చుకోవడానికి వెళ్లాడు. నేను కింద ముందు వరుసలో ఉన్నాను. అప్పుడు లింగస్వామి స్టేజీ ఎక్కాడు. గిటార్ ముందు ఆగాడు. ఆయనదీ మగ్గమే. అరచెయ్యి చాచి తీగల మీద పరిచాడు, అటూ ఇటూ నిమిరాడు, చప్పరింత కొట్టాడు.

నేను లేచే లోపల రెండు పెగ్గులు తిప్పి సన్నతీగలు బిగించేశాడు. ఆ తర్వాత అడిగితే, బావ ఇజ్జత్ పోవద్దని చేసిన మేడం, రెండు తీగలు జారిపోయినయి అన్నాడు. అందులో ఆవగింజంత కుళ్లు కూడా లేదు, అదే నా ఏడుపు.

నేను స్టేజీ ఎక్కే లోపలే భిక్షపతి అన్న వచ్చి కూర్చున్నాడు, జి కార్డ్ వాయించాడు. హాలంతా ముఖాలు చిట్లించింది. లింగస్వామి అలవాటు కొద్దీ మైకు వైపు ఒక అడుగు వేశాడు. అయిదు వారాల కిందటి మనిషైతే ఆ తీగలనే పట్టుకుని, వాటికి తగ్గట్టే పాడేసేవాడు.

"ఆగు లింగస్వామీ. జర ఆగు" అన్నాడు మైకులో.

తల వంచి, రెండో తీగ స్వరాన్ని గొంతులో పలికి, పెగ్గును మెల్లగా వదులు చేశాడు. తర్వాత మొదటిది. వెనక వరుసల్లో గుసగుసలు బయలుదేరాయి. లూజు చేస్తుండు, లూజు చేస్తుండు అని ఒక ముసలాయన పక్కాయనకు చెప్పాడు. అంతమంది నేతవాళ్ల ముందు బిగువున్న దాన్ని వదులు చేయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు అప్పుడు అర్థమైంది. మళ్లీ జి వాయించాడు. ఈసారి చల్లగా పలికింది. కాళ్లు తొక్కడం మొదలుపెట్టి, పాట ఎత్తుకున్నాడు. నాలుగు చరణాలు పూర్తిగా పాడాడు. మైకును ఎవరూ ముట్టుకోలేదు. చివర్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది లింగస్వామే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

భోజనాలయ్యాక అండాలు నా పక్కకు వచ్చి కూర్చుంది. ఎట్లుంది అక్కా పాట అన్నాను, పొంగిపోతూ. ఆమె అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"మంచిగనే పాడిండు మేడం. కని ప్రతి చరణం మొదట్ల జర మీదికి పోయిండు గద? ఇంట్ల గట్ల తప్పడు."

నాలుగు నెలలు కండెలు చుడుతూ ఆమె విన్నది ఆ పాత గిటార్ పాటే. ఆమెకు అదే అసలు బాణీ, ఇవాళ్టిదే తప్పు. తప్పలేదక్కా అని వివరించబోయాను. పక్కనే ఉన్న భిక్షపతి అన్న మాట విన్నాడు. గిటార్ తెచ్చుకుని మాకెదురుగా కుర్చీ లాక్కున్నాడు. నా వైపు ఒకసారి దొంగచూపు చూసి, తీగల మీద అరచెయ్యి పరిచాడు. సన్నవి బిగించాడు, లావువి వదిలాడు, నిమిరి చూసుకున్నాడు. వంటవాళ్లు గిన్నెలు సర్దుతున్న ఆ హాల్లో ఆమె ఒక్కదాని కోసం పాట మళ్లీ పాడాడు, ఇంట్లో పాడినట్టు. అండాలు మోకాలి మీద చెయ్యితో తాళం వేస్తూ తనూ సన్నగా కలిపింది, ఆమె కూడా సరిగ్గా అంతే కిందికి జారుతూ.

ఆ రోజు నుంచి కొత్తగా ఎవరు చేరినా, ఇంట్లో నువ్వు వాయించే గిటార్ తెచ్చి, ఇంట్లో పాడినట్టే ఒకసారి పాడు అంటాను. అది వినకుండా ఎవరి గొంతునూ ఏమీ అనను. ఆ మధ్యాహ్నం హాల్లో ఆయన తీగలు నిమురుతుంటే మాత్రం నా నోటికి అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది, చెయ్యి తియ్యి అన్నా అని. అనలేదు. పాట అయ్యేదాకా కూర్చుని విన్నాను. శ్రుతి ఎక్కడా తప్పలేదు.